అలవాటైన కుదుపు

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో కాపురముండి కారు నడిపేవాళ్లు రోజూ రెండు రకాల రోడ్లు చూస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆరో ఎగ్జిట్ మేడ్చల్‌ది, ఏడోది శామీర్‌పేటది. పైన ఉన్నంతసేపూ ఎనిమిది వరసల నున్నటి రోడ్డు, గంటకు 120 కిలోమీటర్ల వేగపరిమితి. కిందికి దిగిన మరుక్షణం సర్వీసు రోడ్డు గతుకులు, టిప్పర్లు రాల్చిన కంకర, ఏ ఇంజినీరూ గీత గీయని కాలనీ స్పీడ్ బ్రేకర్లు. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారికీ, నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారికీ ఎలివేటెడ్ కారిడార్లు కడతామని 2024 మార్చిలో శంకుస్థాపనలు జరిగాయి. పైన రోడ్డు వచ్చేదాకా ప్రయాణం కింది రోడ్డు మీదే కదా. ఈ రెండు రకాల రోడ్ల మధ్య తిరిగే బండి కింద నాలుగు షాక్ అబ్జార్బర్లు, నాలుగు స్ప్రింగులు, చేతివేళ్లకు మించిన రబ్బరు బుష్‌లు పనిచేస్తుంటాయి. వీటన్నిటినీ కలిపి సస్పెన్షన్ అంటారు. గ్యారేజీ భాషలో షాక్ అబ్జార్బర్ షాకర్ అయింది. మనమూ అలాగే అందాం. ఇవన్నీ అరిగేవే, అందులో వింతేమీ లేదు. కానీ అవి అరిగి రెండు మూడేళ్లయినా, రోజూ అదే సీట్లో కూర్చునే మనిషికి ఆ సంగతి తెలియకపోవడం మాత్రం ఆలోచించదగ్గ విషయం. వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో షాకర్ల గొడవేమిటని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: మనిషి నెమ్మదిగా వచ్చే నష్టానికి ఎలా అలవాటు పడతాడో మనసును తవ్వి చూపించడం కష్టం, బండి కిందైతే నట్టు విప్పి చూపించొచ్చు.

ముందు లెక్క చూద్దాం. షాకర్లు తయారుచేసే మన్రో కంపెనీ 20,000 కిలోమీటర్లకోసారి పరీక్ష చేయించమనీ, 80,000 దగ్గర మార్చమనీ చెబుతుంది. అమ్మేవాడి మాట కాబట్టి ఆ రెండో అంకెను శాసనంగా తీసుకోనక్కర్లేదు, ఒక మైలురాయిగా తీసుకుంటే చాలు. రోజుకు రానూపోనూ 40 కిలోమీటర్లు తిరిగే బండికి 80,000 నిండటానికి 2,000 రోజులు పడుతుంది. ఏడాదికి 300 పనిదినాలనుకుంటే ఆరున్నరేళ్ల పైమాట. అరుగుదల సమానంగా జరిగిందనుకున్నా, ఏ ఒక్క రోజు ప్రయాణమూ నిన్నటికంటే రెండువేలలో ఒక వంతుకు మించి చెడదు. అంత సన్నని తేడాను పసిగట్టే ఇంద్రియం మనకు లేదు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎర్నెస్ట్ వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1834లో ప్రచురించిన పరిశీలనల సారం కూడా ఇదే: మనం తేడాను దాని అసలు కొలతతో గుర్తించం, అప్పటికే ఉన్నదానితో పోల్చి గుర్తిస్తాం. అరచేతిలో రెండు నిమ్మకాయలుంటే మూడోది పెట్టినట్టు తెలుస్తుంది. బియ్యం బస్తా మోస్తున్నవాడికి ఆ నిమ్మకాయ బరువు తెలియదు. కుదుపూ అంతే. ఇప్పటికే కుదిపే బండి రేపు ఇంకాస్త కుదిపితే ఒంటికి అది కొత్త వార్త కాదు. అందుకే "బండి బాగానే ఉందండీ, నాకేం తేడా తెలియట్లేదు" అనే మాట నిజాయితీగా చెప్పిందే అయినా సాక్ష్యంగా పనికిరాదు. ఆ సాక్షి తన కొలబద్దను రోజుకింత జరుపుకుంటూ వచ్చాడు.

సాక్ష్యం మరోచోట దొరుకుతుంది. సస్పెన్షన్ అరుగుదల చెవికి వినిపించకముందే నడిపేవాడి నడవడిలో కనిపిస్తుంది. ఫలానా మలుపు దగ్గర గుంత ఎడమపక్కన ఉంటుందని చేతులకు తెలిసిపోతుంది, స్టీరింగ్ దానంతటదే కుడికి జరుగుతుంది. ఒకప్పుడు మూడో గేరులో దాటిన చోటు ఇప్పుడు రెండో గేరు అడుగుతుంది. కింద ఏదో టకటకమంటుంటే పాట శబ్దం రెండు గీతలు పెరుగుతుంది. వేములవాడ వెళదామంటే ఇంట్లో పెద్దావిడ నడుము నొప్పని తప్పుకుంటుంది, లేదా బస్సులో వస్తానంటుంది. వెనక కుడి సీటుకంటే ఎడమ సీటు మేలని పిల్లలు పోట్లాడుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ ఫిర్యాదులా వినిపించదు, అన్నీ సర్దుబాట్లే. సర్దుబాటు మంచి గుణమని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు, మనుషుల మధ్య అది మంచి గుణమే. వస్తువు దగ్గరకొచ్చేసరికి మన సర్దుబాటే జబ్బును దాచిపెడుతుంది. కాబట్టి బండి ఎలా ఉందని బండిని అడిగేముందు, ఏడాది కింద చేసిన పనుల్లో ఇప్పుడు ఏవి మానేశామో మనల్ని మనం అడగాలి. మీ బండి ఎన్నడూ ఎక్కని స్నేహితుణ్ణి పక్కసీట్లో కూర్చోబెట్టుకుని పది కిలోమీటర్లు తిప్పండి. అతని మొహం మీటరు కంటే కచ్చితంగా చెబుతుంది.

ఇంతకీ అరిగేది ఏమిటి? స్ప్రింగు బండి బరువు మోస్తుంది, గతుకు వచ్చినప్పుడు ముడుచుకుంటుంది. ముడుచుకున్న స్ప్రింగు ఊరుకోదు, సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. వదిలేస్తే బండి సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు చొప్పున ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును చంపడమే షాకర్ పని. లోపల నూనె, ఆ నూనెలో సన్నటి దారులున్న పిస్టన్. గతుకు బలమంతా ఆ సందుల్లోంచి నూనెను తోయడానికి ఖర్చయి వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద కొంతదూరం నడిపి ఆపాక షాకర్ గొట్టం వెచ్చబడటం అందువల్లే. ఎడమది వెచ్చగా ఉండి కుడిది చల్లగా ఉంటే, చల్లగా ఉన్నది పని మానేసిందని అనుమానించాలి. సీలు కారినా, లోపలి వాల్వులు అరిగినా, నూనె నురగ కట్టినా షాకర్ బయటికి నిక్షేపంగా కనిపిస్తూనే ఉద్యోగం మానేస్తుంది. ఇది సగం కథ. బండి శరీరం నెమ్మదిగా ఊగుతుంటే, చక్రం మాత్రం సెకనుకు పది పదిహేను సార్లు ఎగురుతుంది. ఆ ఎగురుడును కూడా షాకరే పట్టాలి. పట్టకపోతే టైరు రోడ్డును విడిచి విడిచి తాకుతుంది. ఔటర్ మీద 120లో బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. ఆ వేగంలో గాల్లో ఉన్న టైరుకు బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. ఇక మనిషి శరీరం సంగతి. నిలువు కంపనాల్లో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చేవే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయని ఐఎస్ఓ 2631 ప్రమాణం వెనకున్న పరిశోధనలు తేల్చాయి. మంచి సస్పెన్షన్ బండిని అంతకు దిగువన, మనం నడిచే నడకకు దగ్గరి లయలో ఉంచుతుంది. అందులో మనం హాయిగా ఉంటాం. బుష్‌లు, మౌంటింగులు గట్టిపడి పగిలితే రోడ్డు గరుకుతనమంతా వడపోత లేకుండా సీటుకు వచ్చేస్తుంది. కాబట్టి సుఖం కావాలనడం విలాసం అడిగినట్టు కాదు. ఆఫీసుకు చేరేసరికి సగం అలిసిపోయి ఉండే మనిషి ఆ అలసట మూల్యాన్ని రోజూ చెల్లిస్తూనే ఉన్నాడు. బిల్లు రాదు కాబట్టి లెక్కలోకి రావడం లేదు.

"రోడ్డే అలా ఉంటే బండిని అనుకుని ఏం లాభం?" అనేది ఇక్కడ మొదట వినిపించే అభ్యంతరం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని దీన్ని కొట్టిపారేయడం అన్యాయం, ఎందుకంటే ఇక్కడ మద్దెల నిజంగానే ఓటిదే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి 99వ నంబరు ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధంతో గీసిన వంపులా ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాలని దాని ఉద్దేశం. ఆ వేగంలో చక్రానికి ఆ వంపు దాటడానికి అర సెకను పైన పడుతుంది. స్ప్రింగుకు ముడుచుకోవడానికీ సాగడానికీ సరిపడా సమయం. అదే ఎత్తున కాలనీవాళ్లు అడుగున్నర వెడల్పుతో సిమెంటు గట్టు పోస్తే, అదే వేగంలో చక్రం సెకనులో పదిహేనో వంతులో ఎక్కి దిగాలి. ఏ కంపెనీ సస్పెన్షనూ దాన్ని మింగలేదు. ఈ ఒప్పుకోలు మన వాదానికి అడ్డు రాదు, పైగా ఒక పనిముట్టును చేతికిస్తుంది. చెడ్డ గట్టు మీద అన్ని బండ్లూ కొట్టుకుంటాయి గనుక అక్కడ బండి గుణం తెలియదు. బండి గుణం తెలిసేది మంచి వంపు మీద. మీ దారిలో అలాంటి వెడల్పాటి స్పీడ్ బ్రేకర్‌ను ఒక్కదాన్ని ఎంచుకోండి. 25లో దాటండి. దిగాక బండి ఒక్కసారి కుంగి లేచి కుదురుకుంటే షాకర్లకు ప్రాణముంది. రెండోసారి, మూడోసారి తలాడిస్తే లేదు. దిగేటప్పుడు అడుగున దబ్బుమంటే, షాకర్ కడ్డీ మీదుండే బంప్ స్టాప్ అనే మెత్తటి దిమ్మె పొడిపొడి అయిందేమో చూడాలి. రోడ్డు చెడ్డదే కావచ్చు, కానీ రోడ్డును మార్చడానికి టెండరు కావాలి, బండిని మార్చడానికి ఒక శనివారం చాలు. టెండరు కోసం అర్జీ పెట్టొద్దని కాదు, పెట్టండి. దాని జవాబు వచ్చేదాకా నడుమును పణంగా పెట్టొద్దు.

సస్పెన్షన్ మార్చాలని నిర్ణయించుకున్నవాళ్లు తరచూ చేసే పొరపాటు నేరుగా షాకర్ల దగ్గరికి వెళ్లడం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకూడదు. మొదట చూడాల్సింది గాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద కంపెనీ అంటించిన కాగితంలో ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని ఉంటుంది. మైలేజీ వస్తుందని పెట్రోలు బంకు కుర్రాడు దానికి మించి నాలుగైదు పాయింట్లు ఎక్కించి ఉంటే, ఆ రాయిలాంటి టైరు కుదుపును మీరు షాకర్ ఖాతాలో రాస్తున్నారు. తర్వాత టైరు వయసు. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే ఎండలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండికి గీతలు అరక్కపోయినా రబ్బరు బిరుసెక్కి ఉంటుంది. ఇవి రెండూ బాగున్నాకే శబ్దాల వేట. చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు టకటకమంటే ఎక్కువసార్లు దోషి లింక్ రాడ్. బండి కింద ఇంతకంటే చవకైన దొంగ లేడు. బ్రేకు వేసినప్పుడో వదిలినప్పుడో ఒక్కసారి డబ్బుమంటే లోయర్ ఆర్మ్ బుష్. నిలిపిన చోటే స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు మెలితిరిగినట్టు టంగుమంటే పైనుండే మౌంటింగు, దాని బేరింగు. స్టీరింగ్ ర్యాక్ శబ్దం కూడా సరిగ్గా షాకర్ శబ్దంలాగే మోసం చేస్తుంది, కాబట్టి చక్రాలు గాల్లోకి లేపి చేత్తో ఊపి చూడనిదే తీర్పు చెప్పే మెకానిక్‌ను నమ్మొద్దు. ఊపినప్పుడు బాల్ జాయింట్‌లో ఆట కనిపిస్తే ఇక సుఖం గురించి ఆలోచించే పని లేదు, ఆ రోజే మార్పించాలి. అది ఊడితే చక్రమే పక్కకు వాలిపోతుంది. బానెట్ మూల చేత్తో నొక్కి వదిలే పాత పరీక్ష ఒకటుంది. పూర్తిగా చచ్చిన షాకర్‌ను అది పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు. ఆ పరీక్షలో పాసైందని సంబరపడకండి. టైరు మీద అరచేయి జరిపితే గిన్నెలు గిన్నెలుగా ఎత్తుపల్లాలు తగిలితే మాత్రం చక్రం చాలాకాలంగా ఎగురుతోందని అర్థం, ఆ సాక్ష్యానికి తిరుగులేదు.

"పాత బండికి ఇంత ఖర్చా?" అన్నది రెండో అభ్యంతరం, మొదటిదానికంటే బరువైనది. దీనికి జవాబు నంబరు ప్లేటు మీద దొరుకుతుంది. టీఎస్ అక్షరాలున్న బండి 2014 జూన్‌కీ 2024 మార్చికీ మధ్య రిజిస్టరయింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. అంటే తొమ్మిదేళ్ల బండికి ఎవరినీ అడగక్కర్లేకుండానే ఇంకా ఆరేళ్ల ఆయుష్షుంది. ఆరేళ్లంటే పైన వేసిన లెక్కలో 72,000 కిలోమీటర్లు, దాదాపు ఇంకో సస్పెన్షన్ జీవితకాలం. ఖర్చును బండి అమ్మకం ధరతో పోల్చడం వల్లే అది పెద్దగా కనిపిస్తుంది. లింక్ రాడ్లు, బుష్‌లు మామూలు చిన్న కార్లకు వందల్లో తేలతాయి, షాకర్లు వేలల్లోకి వెళతాయి; ఆ మొత్తాన్ని మిగిలిన కిలోమీటర్లతో భాగించి, మరోపక్క అకాలంగా అరిగే నాలుగు టైర్ల ధరను వేసి తూచండి. అయితే ఈ అభ్యంతరం నెగ్గే సందర్భం ఒకటుంది. బండి అడుగు రేకు తుప్పు పట్టి, షాకర్ మౌంటింగు కూర్చునే చోటే లోహం చీలిపోయి ఉంటే, కొత్త షాకర్ పెట్టడం కూలే గోడకు సున్నం వేసినట్టే. అలాంటి బండిని వదిలేయడమే వివేకం. మిగతా సందర్భాల్లో "ఎలాగూ అమ్మేస్తాను కదా" అనే మాట చెప్పి మూడేళ్లు గడిచిపోయినవాళ్లే ఎక్కువ. అమ్మరు, బాగుచేయించరు.

మూడో అభ్యంతరం కాస్త సరదాగా ఉంటుంది: "మా బండి మెత్తగా పూలపల్లకీలా ఊగుతుంది, షాకర్లు మార్చినవాళ్ల బండ్లే గట్టిగా ఉన్నాయి." ఇందులో నిజముంది, దాచకుండా చెప్పాలి. చచ్చిన షాకర్ అడ్డుపడదు కాబట్టి నున్నటి రోడ్డు మీద బండి మెత్తగానే తేలుతుంది. కొత్తది గట్టిగా పట్టుకుంటుంది, తొలి వారం చిన్న అంచులు ముందుకంటే స్పష్టంగా తెలుస్తాయి. కానీ పల్లకీ సుఖం బోయీలు ఒక్క లయలో నడిచినంతసేపే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపి, రాజీవ్ రహదారి మీద ఒక గతుకు వెనక ఇంకో గతుకు వస్తే మొదటి ఊపు ఆగకముందే రెండోది కలుస్తుంది, అడుగు వెళ్లి బంప్ స్టాప్‌కు కొట్టుకుంటుంది. మెత్తదనం, కుదురు రెండూ వేరు వేరు గుణాలు. మొదటిది స్ప్రింగు, టైరు ఇస్తాయి. రెండోది షాకర్ ఇస్తుంది. రెండూ కలిస్తేనే హాయి. ఈ తేడా తెలియక కొందరు బండి కుంగుతోందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మెలు ఇరికించే ఉపాయానికి దిగుతారు. ఎత్తు ఒక వేలు పెరుగుతుంది. ఇరికించిన చుట్టు మాత్రం పని మానేస్తుంది, మిగిలిన స్ప్రింగు బిరుసెక్కుతుంది, ఆ బిరుసును ఆపే శక్తి పాత షాకర్‌కు అసలే లేదు. చవకగా దొరికే ఆ దిమ్మెలు రోగం దాచి నొప్పి పెంచే రకం వైద్యం.

ఇక మార్పించే రోజు సంగతి. మొదటి నియమం: ఒకే ఇరుసు మీద ఎడమ, కుడి రెండూ కలిపి మార్చాలి. కారింది ఒకటే అయినా రెండోది దాని తోబుట్టువే, అదే రోడ్డు తిన్నది. వీలైతే ముందు వెనకలు కూడా దగ్గర దగ్గర్లో మార్చడం మంచిది. దీనికో కారణముంది. 1930లలో అమెరికాలోని జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంజినీరు గమనించిన సంగతి ఇది: ముందు చక్రం ఎక్కిన గతుకునే వెనక చక్రం కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది. మన చిన్న కారులో ముందు వెనక చక్రాల మధ్య దూరం సుమారు రెండున్నర మీటర్లు, 40 కిలోమీటర్ల వేగంలో ఆ ఆలస్యం సెకనులో ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ. వెనక స్ప్రింగు కొంచెం వేగంగా ఊగేట్టు పెడితే అది ముందుదాన్ని అందుకుని, బండి ముక్కూ తోకా ఎగరేయకుండా బల్లపరుపుగా సాగుతుందని అతను చూపించాడు. ఆ పొత్తును కంపెనీవాళ్లు కొలిచి పెట్టి ఉంటారు. ముందు కొత్త షాకర్లు, వెనక చచ్చినవి ఉంటే పొత్తు చెడుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు మార్పించిన సుఖం అందదు. రెండో నియమం: షాకర్ విప్పినప్పుడు పైన మౌంటింగు, బేరింగు, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కూడా చూడాలి, సందేహముంటే మార్చాలి. వాటి ధర తక్కువ, వాటికోసం మళ్లీ విప్పించే కూలి ఎక్కువ.

పనిలో చేయి తిరిగినతనం బయటపడేది మూడు చోట్ల, పక్కన నిలబడి చూస్తే మీకూ తెలుస్తుంది. నట్టు బిగించేటప్పుడు షాకర్ కడ్డీ తిరగకుండా కటింగ్ ప్లయర్‌తో పట్టుకుంటే, అద్దంలాంటి ఆ కడ్డీ మీద పడ్డ గీత సీలును కోస్తుంది, కొత్త షాకర్ నెలల్లోనే కారుతుంది. స్ప్రింగును నొక్కిపెట్టే సరైన పనిముట్టు లేకుండా తాడుతోనో గొలుసుతోనో కట్టి విప్పే చోట మీ బండితో పాటు ఆ కుర్రాడి ప్రాణమూ ప్రమాదంలో ఉంటుంది, అక్కడి నుంచి వచ్చేయండి. మూడోది పెద్ద మెకానిక్‌లు కూడా హడావిడిలో మరచిపోయేది: లోయర్ ఆర్మ్ లాంటి రబ్బరు బుష్‌ల బోల్టులను చివరి బిగింపు బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు శాశ్వతంగా మెలితిరిగి ఉండిపోతుంది, ఏళ్లు రావాల్సింది కొద్దికాలానికే చిరుగుతుంది. "మొన్ననే మార్పించాను, మళ్లీ పోయాయి, అంతా నకిలీ సరుకు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటి వెనక నకిలీ సరుకు ఉంటుంది, కొన్నింటి వెనక ఈ బిగింపు ఉంటుంది. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు కొలతలు, తర్వాత కొలతలు ఉన్న కాగితం అడిగి తీసుకోండి.

ఇదంతా గ్యారేజీవాళ్ల జేబు నింపే ఉపదేశం కాదా అనేవాళ్లకు చెప్పాల్సింది కొద్దే. అనుమానం మంచిదే, దాన్ని సరైన చోట పెట్టాలి. పాత సామాను తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. తీసిన షాకర్‌ను నిలబెట్టి చేత్తో నొక్కితే మంచిది ఒకే పట్టుతో దిగుతుంది. చెడిపోయింది మధ్యలో ఎక్కడో పట్టు తప్పి జారుతుంది. గ్యాస్ నింపిన రకమైతే వదలగానే కడ్డీ దానంతటదే నెమ్మదిగా పైకి రావాలి. ఆ జారుడు మీ చేతికి తెలిసినప్పుడు డబ్బు వృథా అయిందా లేదా అని ఇంకొకరిని అడగక్కర్లేదు.

చివరిగా తేదీ సంగతి. మన ఇంద్రియాలు నెమ్మది మార్పును పట్టలేవని ఒప్పుకున్నాక, పరీక్షకు "ఎప్పుడనిపిస్తే అప్పుడు" అనే గడువు పనికిరాదు. తెలుగువాళ్లకు చక్కటి తేదీ తయారుగానే ఉంది. దసరాకు బండి కడుగుతాం, పసుపూ కుంకుమా పెడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అప్పటికి వానలు తగ్గి ఉంటాయి, నాలుగు నెలల గుంతలు చేయాల్సిన నష్టం చేసేసి ఉంటాయి, సంక్రాంతి ప్రయాణాలకు ఇంకా వ్యవధి ఉంటుంది. నిమ్మకాయ పెట్టడానికి ఎలాగూ వంగుతారు. వంగినవాళ్లు చక్రం వెనక టార్చి వేసి షాకర్ గొట్టం మీద నూనె తడి ఉందేమో చూడండి. సన్నటి చెమటలాంటి పొర ఉంటే కంగారు పడొద్దు, దుమ్ము అతుక్కుని జిడ్డు కిందికి కారుతుంటే సీలు పోయినట్టే. టైరు మీద అరచేయి జరపండి. మర్నాడు అదే స్పీడ్ బ్రేకర్, అదే 25, అదే మనుషుల బరువు. ఎన్నిసార్లు తలాడించిందో, ఆ రోజు మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నాయో ఒక కాగితం మీద రాసి సర్వీసు పుస్తకంలో పెట్టండి. వచ్చే దసరాకు ఆ కాగితం తీసి, దాని కిందే కొత్త అంకె రాయండి.